బహ్రైన్ మీద పెట్టిన చుక్క

సముద్రానికి ఇంతవరకే అని గట్టు వేసి, ఆ గట్టు దగ్గర అలను ఆపినవాడికి స్తోత్రం. మనిషి గీసిన హద్దులు చెరిగిపోతాయి, ఆయన గీసినవి నిలుస్తాయి. రోజూ పనికి కూర్చునే ముందు ఈ మాట తలుచుకుంటాను. ఈ అనుభవం రాయబోతూ కూడా అదే తలుచుకున్నాను.

ఇది రెండు వేల ఇరవై మూడు జూలైలో జరిగింది. అమలాపురంలో ఒక కొబ్బరి వ్యాపారి కొట్టుకు పై అంతస్తులో మా ఆఫీసు. కింద కురిడీల వాసన, పైన పన్నెండు కంప్యూటర్లు. మేం చేసే పని చెబితే ఇక్కడివాళ్లు ముందు నవ్వుతారు. విదేశంలో ఒక కంపెనీ కంప్యూటర్ ఆట తయారుచేస్తుంది. అలాంటివాటిని గ్రాండ్ స్ట్రాటజీ గేమ్ అంటారు. ఆడేవాళ్లు ఒక పాతకాలపు రాజ్యాన్ని ఎంచుకుని, సంబంధాలు కలుపుకుని, యుద్ధాలు నడిపి, తరతరాలు ఏలుతారు. ఆటంతా ఒక పెద్ద పటం మీద సాగుతుంది. ఆ పటంలో అరేబియా ముక్క మా వంతుకు వచ్చింది. పదకొండో శతాబ్దంలో అక్కడ ఏ ఊళ్లు ఉండేవి, వాటిని అప్పట్లో ఏమని పిలిచేవారు, ఎవరి ఏలుబడి ఎందాకా ఉండేది అన్నది సరిచూడటం నా బాధ్యత.

నేను చరిత్రలో ఎం.ఏ. చదివాను. కానీ పటం చూడటం నేర్చుకున్నది కాలేజీలో కాదు, రాజోలు దగ్గర మా ఊరి సండే స్కూల్లో. మా అమ్మ పరిశుద్ధ గ్రంథం చివరి పేజీల్లో రంగుల పటాలు ఉండేవి. ప్రసంగం సాగుతుంటే ఇశ్రాయేలీయులు నడిచిన దారిని వేలితో దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. ఆ పటాల్లో కుడి అంచున పసుపురంగు ఖాళీ ఒకటి ఉండేది. దాని మీద ‘అరేబియా ఎడారి’ అని తప్ప ఒక్క ఊరి పేరూ లేదు. ఆ ఖాళీ నా తలలో ఎంత గట్టిగా అతుక్కుపోయిందో నలభై ఏళ్లు దాటాక గాని తెలియలేదు.

మా పనిలో మూడు నాలుగు మాటలు చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. నేను నేమ్ లిస్ట్ తయారుచేస్తాను. అందులో ఒక్కో చోటి పేరు, పటంలో అది ఉండే దగ్గర ఒక చుక్క, ఆ సంగతి ఎక్కడ దొరికిందో చెప్పే సోర్స్ నోట్ ఉంటాయి. చుక్క చుట్టూ ఉన్న నేలకు రంగు వేసేది ఆర్టిస్టు. అలా రంగు వేసిన ముక్కను ప్రావిన్స్ అంటారు. చుక్క లేని నేల బూడిదరంగులో వేస్ట్‌ల్యాండ్‌గా మిగిలిపోతుంది. అక్కడ ఎవరూ కాపురం ఉండరు, సైన్యం అడుగు పెట్టదు. అంతా అయ్యాక ఒక రోజు మ్యాప్ లాక్ చేస్తారు. ఆ తర్వాత గీత మార్చడానికి లేదు.

మా ఆర్టిస్టు శైలజ. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. భర్త కువైట్‌లో ఉన్నాడు, తను కొత్తపేటలో అత్తగారి దగ్గర ఉండి రోజూ బస్సులో వచ్చేది. “బొమ్మలకి రంగులేసుకోడానికి అంత దూరం ఎందుకే” అని అత్తగారు దెప్పుతుంటే నవ్వుతూ మాకు చెప్పేది. నవ్వేది గాని, ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఇంట్లో ఎంత పోరాడిందో నాకు తెలుసు.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం ఐదింటికి మ్యాప్ లాక్. పొద్దున్న పదింటికి ఆట పరీక్షించేవాళ్ల నుంచి టికెట్ వచ్చింది. టికెట్ అంటే తప్పు పట్టుకుని పంపే చీటీ. మా ఆఫీసు నడిపే రామకృష్ణగారు దాన్ని చదివి లేచి నిలబడ్డారు.

“బహ్రైన్ రాజు కనపడట్లేదంటండి.”

“సంతకెళ్లేరేమోనండి,” అన్నారు వెనక నుంచి ఎవరో.

నవ్వింది ఆ మాట అన్నవాళ్లొక్కరే. టికెట్ సారాంశం ఇది: ఆట మొదలైన మొదటి రోజే బహ్రైన్ రాజు పటం మీద నుంచి మాయమవుతున్నాడు. ప్రావిన్స్ మరీ చిన్నదిగా ఉంది, అందులో రాజధాని పట్టడం లేదు. గీతలో లోపం. కింద శైలజ పేరు. అప్పటికే ఆమె మీద అలాంటివి రెండు వచ్చాయి. ఒకే రకం తప్పు మూడోసారి జరిగితే ఆ మనిషిని పని నుంచి తప్పించాలని కంపెనీ పెట్టిన నియమం.

శైలజ తన తెర మీద పటం తెరిచింది. “చుక్క దీవి మీదుందండి. నేను దీవే గీసేను.”

రామకృష్ణగారు నా వైపు తిరిగారు. “కృపావతిగారండీ, చుక్క సరిగ్గానే ఉందాండి?”

నేను లిస్ట్ తెరవలేదు. తెరవాల్సిన అవసరం ఉందనిపించలేదు. మా అక్క భర్త బహ్రైన్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేశారు. మా వీధిలో నాలుగిళ్లవాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. బావగారు సెలవుకు వచ్చినప్పుడల్లా, “మన లంక లాంటిదేనమ్మా, చుట్టూ నీళ్లే, వంతెనెక్కితే అవతల సౌదీ” అని చెప్పేవారు. మాకు బహ్రైన్ అంటే గోదావరి అవతలి ఒడ్డు తెలిసినంతగా తెలుసు.

“బహ్రైన్ అంటే దీవేనండి. అందులో అనుమానమే లేదు. చుక్క సరిగ్గానే ఉంది,” అన్నాను.

ఆఫీసులో నాకొక పేరుంది. కృపావతిగారు అబద్ధమాడరు అంటారు. ఆ మాట వింటే నాకు లోలోపల ఎంత ఇష్టంగా ఉండేదో దేవునికే తెలుసు. ఆ పేరు వల్లే ఆ రోజు ఇంకెవరూ లిస్ట్ తెరవలేదు.

శైలజ నన్ను ఒక్కసారి చూసి తల దించుకుంది. “మీరన్నారంటే సరేనండి. నా గీతే తప్పయ్యుంటది.”

“నాలుగింటికి వాళ్లతో కాల్ ఉందండి. అప్పటికి ఏదో ఒకటి చెప్పాలి,” అన్నారు రామకృష్ణగారు.

శుక్రవారం మధ్యాహ్నం మా సంఘంలో ఉపవాస ప్రార్థన. ఆఫీసుకు రెండు వీధుల అవతలే మందిరం. భోజనం గంటలో వెళ్లి వస్తుంటాను. ఆ రోజు సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు తనకు చేసిన మేలు పంచుకోవడానికి, ఏసుపాదంగారు లేచారు. ఐ.పోలవరం మనిషి, డెబ్భై దాటాయి. సౌదీలో ఇరవై రెండేళ్లు ఖర్జూర తోటలో పనిచేసి వచ్చారు. ఆయన సాక్ష్యం ఎప్పుడూ ఆ తోట దగ్గరికే వెళ్తుంది కాబట్టి మేమంతా సగం చెవితో వింటాం.

“అక్కడ మందిరం కట్టుకోడానికి లేదు గదండి. నీళ్ల బోది గట్టు మీద కూకుని ప్రార్థన చేసుకునేవోణ్ణి. మీరంతా ఎడారి ఎడారంటారు. నేనున్న కాడ ఎడారేదండీ? నేల్లోంచి ఎచ్చటి నీళ్లు ఉబికొచ్చేవండి. వంతులేసుకుని తడుపుకునేవోరు, అచ్చం మన కాలవ లాకుల కింద రైతుల్లాగే. దెబ్బలాటలు కూడా అలాగేనండి.” అందరూ నవ్వారు. “మా కఫీల్ తండ్రి ముసలాయనుండేవోడు. దీవోళ్లు మా ఊరి పేరు ఎత్తుకుపోయేరు, అసలు బహ్రైన్ ఇదే అని రోజూ తిట్టేవోడండి.”

కఫీల్ అంటే ఆయన్ను పనిలో పెట్టుకున్న యజమాని. సాక్ష్యం మధ్యలో మాట్లాడకూడదు. అయినా నా నోరు ఆగలేదు.

“ఏ ఊరండీ పెద్దయ్యగారూ?”

పాస్టరుగారు నా వైపు చూశారు. ఏసుపాదంగారు మాత్రం మురిసిపోయారు. ఇన్నేళ్లలో ఆయన్ను మధ్యలో ఆపి అడిగినవాళ్లు ఎవరూ లేరు.

“హసా అమ్మాయిగారూ, హసా.”

ఆ మాట నాకు కొత్తది కాదు. నా చేత్తో నేనే రాసిన మాట.

ముగింపు ప్రార్థనకు ఆగకుండా వచ్చేశాను. రెండింటికి లిస్ట్ తెరిచాను. బహ్రైన్ పేరు పక్కన నా సోర్స్ నోట్ ఉంది. మూడు నెలల కిందట రాసుకున్నది. ‘బహ్రైన్: ముఖ్య పట్టణాలు హసా, కతీఫ్. ఎదుట ఉవాల్ దీవి.’ ఇంత స్పష్టంగా ఉంది. బహ్రైన్ అంటే రెండు సముద్రాలు అని అర్థం. ఆ కాలంలో ఆ పేరు దీవిది కాదు, తూర్పు తీరం పొడుగునా ఉన్న నేల అంతటిదీ. ఇప్పుడు బహ్రైన్ అంటున్న దీవిని అప్పట్లో ఉవాల్ అనేవారు. హసా తోటల మధ్య నుంచి ఏలినవాళ్లు ఒకప్పుడు బాగ్దాదును సైతం వణికించారు. ఇదంతా చదివాను, నోట్‌లో ఎక్కించాను, ఎక్కించి కూడా చుక్కను తీసుకెళ్లి బావగారి దీవి మీద పెట్టాను. దాని ఎదుట తీరమంతా బూడిదరంగు. చిన్నప్పటి పటంలోని పసుపు ఖాళీ అక్కడ ఉండటం నా కంటికి సహజంగా తోచింది.

రాజు మాయమైంది శైలజ గీత వల్ల కాదు. అతని నేలను నేనే లేకుండా చేశాను.

ఆ క్షణంలో నా మనసులో మెదిలింది కూడా చెప్పాలి. లిస్ట్ మార్చే అధికారం నాకుంది. చుక్కను హసాకు జరిపి, గీత దిద్దించి ఊరుకుంటే పటం సరవుతుంది, తప్పు శైలజ పేరు మీదే ఉండిపోతుంది. ఎవరు ఎప్పుడు మార్చారన్నది ఫైల్లో నమోదవుతుంది గాని, పనిగట్టుకుని చూసేవాళ్లు ఉండరు. మౌస్ చుక్క మీదికి వెళ్లింది. పొరుగువాని పొలిమేర రాయిని జరిపినవాడు శాపగ్రస్తుడని మా సండే స్కూల్లో పిల్లలకు నేర్పేది నేనే. నేను జరిపిన రాయి వెయ్యేళ్ల కిందటి రాజుది అనుకుంటే ఏమోగాని, అది శైలజ రాయి. మౌస్ వదిలేసి రామకృష్ణగారి గదిలోకి వెళ్లాను.

ఆయన అంతా విని, లేచి తలుపు దగ్గరికి వేశారు.

“ఇంకెవరికన్నా చెప్పేరాండి?”

“లేదండి. నాలుగింటి కాల్‌లో చెబుతాను.”

“ఎందుకండీ బాబూ! చుక్క జరిపేయండి. లాక్ అయిపోతది. పటంలో యెమెన్ తర్వాత వచ్చే ముక్క పని కూడా మనకే ఇస్తారంట. ఎందుకో తెలుసాండి? మీ చెకింగ్ చూసి. గీసేవాళ్లు ఎక్కడన్నా దొరుకుతారు. సరిచూసేవాళ్ల మీద నమ్మకం పోతే ఈ ఆఫీసే ఉండదు. పన్నెండు మందిమండి.”

“శైలజతో పదమూడు కాదు గదండీ, ఆ పన్నెండులోనే ఉంది తనూ.”

“తనకి ఇంకేదన్నా పని నేను చూపిస్తానండి.”

“పని చూపిస్తారు. తప్పు గీసిందన్న పేరు ఎవరు తీస్తారండి?”

ఆయన చేత్తో ముఖం తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. భయపడ్డ మనిషి. చివరికి, “మీ ఇష్టమండి. ముందు ఆ అమ్మాయిని వెతకండి. తలనొప్పని చెప్పి ఇంటికెళ్లిపోతోంది. ఇప్పుడే దిగింది,” అన్నారు.

గీయడానికి ఇంకో చెయ్యి మా దగ్గర లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వానలో ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్లేసరికి కొత్తపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. శైలజ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ప్రార్థనకు కట్టుకున్న తెల్లచీరతో, చంకలో గ్రంథంతో మెట్టు మీదికెక్కి నిలబడ్డాను.

కండక్టరు విసుక్కున్నాడు. “ఎక్కుతారా దిగుతారాండి? మెట్ల మీద సువార్తొద్దండీ బాబూ, టైమైపోయింది.”

“ఒక్క నిమిషం నాయనా. శైలజా, దిగమ్మా. నీ గీత తప్పు కాదు. నా చుక్క తప్పు.”

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వబోయింది. “ఊరుకోండి అక్కగారూ. నన్ను ఓదార్చడానికి అబద్ధమాడకండి. మీకలవాటు లేదు.”

ఫోన్‌లో ఫొటో తీసి తెచ్చిన నోట్ ఆమెకు చూపించాను. రెండుసార్లు చదివింది. బస్సులో ఉన్నవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు.

“ఇది మీరు రాసిందేనాండి?”

“నేను రాసిందే.”

“మరి పొద్దున్న?”

“చూడకుండా చెప్పాను.”

“ఇంకెవరన్నా అనుంటే దెబ్బలాడేదాన్నండి. మీరన్నారని నమ్మేను. మీరెళ్లిన గంటా నా గీతలే నాకు తప్పుగా కనపడ్డాయండి. బాగున్నవి కూడా చెరిపేసేను. యెమెన్ పక్కన ఆరు ముక్కలు.”

రెండూ ముప్పావు అవుతోంది. ఇప్పుడు హసా, కతీఫ్, ఉవాల్ అని మూడు కొత్త ప్రావిన్సులే కాదు, చెరిపిన ఆరు కూడా మళ్లీ గీయాలి.

“అందరి ముందూ చెప్తారా అక్కగారూ?”

“చెప్తాను.”

“ఆ కంపెనీవోళ్ల ముందు కూడానా?”

“ముందు వాళ్లకే.”

శైలజ బ్యాగు తీసుకుని దిగింది. కండక్టరు, “ఆయ్, గెలిచేరండి,” అంటూ ‘రైట్’ అని అరిచాడు.

ఆటోలో ఇద్దరం ఆఫీసుకు వచ్చేశాం. మూడింటికి ఆమె సీటులో కూర్చుంది, నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. చెరిపిన ఆరింటినీ ముందు గీసింది. చెయ్యి వాటిని మరిచిపోలేదు. తర్వాత చుక్కను దీవి మీద నుంచి తీసి హసాకు మార్చాను. కతీఫ్‌కు ఒకటి, దీవికి ఉవాల్ పేరుతో ఒకటి పెట్టాను. బూడిదరంగు మీద ఆకుపచ్చ పరుచుకుంటూ పడమటికి వెళ్తోంది.

“ఎందాకా అక్కగారూ?”

మామూలుగా అయితే తడుముకోకుండా ఒక చోటు చూపించేదాన్ని. ఈసారి నోట్ తెరిచి పెట్టాను. “తోటలు ఉన్నంత వరకు ఇందులో ఉంది. ఆ పైన ఇసుక. అక్కడ ఎవరిదో నాకు తెలియదు.”

“తెలీదంటే ఏం గీయమంటారండి?”

“గీయొద్దు. అది నిజంగానే ఖాళీ. ఖాళీగానే ఉండనీ.”

నాలుగింటికి కాల్ మొదలైంది. అవతల కంపెనీలో పటం పనులు చూసే ఆవిడ, పక్కన ఇంకో ఇద్దరు. రామకృష్ణగారు నమస్కారం చెప్పి నాకు వదిలేశారు. నాకు వచ్చిన ఇంగ్లీషులో, పొద్దున్న నేను అన్న మాట తప్పని, శైలజ నా చుక్కను అనుసరించే గీసిందని, లిస్ట్‌లో నా నోటే నా చుక్క తప్పని చెబుతోందని చెప్పాను.

“ఈ లిస్ట్‌లో ఇలా పెట్టిన చుక్కలు ఇంకెన్ని ఉన్నాయి?” అని అడిగిందావిడ.

ఒక్కటీ లేదు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. “తెలియదు. మొదటి నుంచి మళ్లీ చూస్తాను.”

ఆవిడ పక్కవాళ్లతో ఏదో మాట్లాడింది. తర్వాత మూడు సంగతులు చెప్పింది. టికెట్ శైలజ పేరు మీద నుంచి నా పేరు మీదికి మారుతుంది. ఇకనుంచి నా లిస్ట్ మీద నా ఒక్కదాని సంతకం చాలదు, నా తర్వాత ఇంకొకరు చూస్తారు. లాక్ ఐదింటికే, అంతకు ముందు కొత్త పటంతో ఆట తెరిచి చూస్తారు. రాజు నిలబడకపోతే తూర్పు అరేబియా అంతా ఆట నుంచి తీసేస్తారు.

ఐదుకు పది నిమిషాలుండగా వాళ్ల తెర మా తెర మీద కనపడింది. ఆట మొదలైంది. మొదటి రోజు. హసా మీద చిన్న జెండా. పొద్దుటి నుంచి బహ్రైన్ జెండా ఈ మొదటి రోజు దగ్గరే మాయమైపోతోంది. రెండో రోజు. శైలజ నా మోచెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు తనకు తెలిసి ఉండదు. మూడో రోజు. పదో రోజు. నెల మారింది.

“ఉన్నాడండి,” అంది శైలజ మెల్లగా.

రామకృష్ణగారు కుర్చీలో వెనక్కి వాలారు. “ఆయ్. సంత నుంచి వచ్చేసేరు.”

ఈసారి అందరూ నవ్వారు.

యెమెన్ తర్వాత ముక్క మాకు రాలేదు. ఎందుకు రాలేదో వాళ్లు చెప్పలేదు, రామకృష్ణగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కొన్నాళ్లకు మరో పని వచ్చింది. నా లిస్ట్ మీద ఇప్పటికీ రెండో సంతకం పడుతుంది. దాన్ని నేను శిక్ష అనుకోవడం మానేశాను. మళ్లీ మొదటి నుంచి చూసినప్పుడు అలాంటివి ఇంకో రెండు దొరికాయి. రెండూ మనవాళ్లు పనికి వెళ్లే ఊళ్ల పేర్లే. ఎన్నడూ వినని పేరు దగ్గర నేను ఎప్పుడూ తప్పు చేయలేదు. దాన్ని నాలుగు చోట్ల వెతికి గాని చుక్క పెట్టను. చిన్నప్పటి నుంచి ఎరిగిన పేరు దగ్గరే కన్ను చూడటం మానేసింది.

శైలజ తర్వాత చాలా రోజులు నాతో పని మాటలే మాట్లాడింది. అది న్యాయమే. ఇప్పుడు మళ్లీ అత్తగారి కబుర్లు చెబుతోంది. కానీ నేను ఎప్పుడైనా “సరిగ్గానే ఉందమ్మా” అంటే, తల ఎత్తకుండానే “నోట్ చూసేరాండి?” అని అడుగుతుంది. చూసి చెబుతాను.

అబద్ధమాడే మనిషి తప్పు చెబితే వినేవాళ్లు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. నిజం చెబుతుందని పేరున్న మనిషి తప్పు చెబితే, వినేవాళ్లు తమ సొంత కళ్లనే అనుమానించి సరైన గీతలు కూడా చెరిపేసుకుంటారు. ఆ ఆరు ముక్కలు నాకు నేర్పింది అదే.

ఇది చదువుతున్న మీరు ఏ గుమ్మంలో మోకరించేవారైనా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి ఇలా అడగండి. తండ్రీ, మాకు బాగా తెలుసు అనుకున్న చోట మా కన్ను మళ్లీ తెరువు. మమ్మల్ని నమ్మినవాళ్ల నేల మా మాట వల్ల ఖాళీ కాకుండా మా నోటికి కావలి పెట్టు. తెలియనిచోట తెలియదనే ధైర్యం మాకు ఇయ్యి. ఆమేన్.